మహన్యాసం మధ్యలో లేవకూడదు: ఒక ప్రొస్టేట్ క్యాన్సర్ కేసు

2022 ఆగస్టులో, శ్రావణం ముగుస్తున్న రోజుల్లో, అరవై ఆరేళ్ళ పెద్దాయన ఒకరు కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చారు. నేను గుంటూరులో యూరాలజిస్టుని. ఆయన కృష్ణా డెల్టాలో ఒక ఊరి శివాలయంలో అర్చకులు. పదకొండేళ్ళుగా మధుమేహం, ఆరేళ్ళుగా రక్తపోటు ఉన్నాయి. గుండె జబ్బు లేదు, పొగ తాగే అలవాటు లేదు. ఆయనా ఆయన కుటుంబమూ ఒప్పుకున్నాకే ఈ కేసు రాస్తున్నాను. మనిషిని పోల్చుకోగల వివరాలు మార్చాను.

రాత్రి నాలుగుసార్లు మూత్రానికి లేవడం, ధార సన్నబడటం, వెళ్ళి వచ్చాక కూడా ఇంకా మిగిలినట్లే ఉండటం ఆయన చెప్పిన బాధలు. మేము అందరికీ ఇచ్చే ఏడు ప్రశ్నల కాగితం మీద 35కు 19 వచ్చింది. ఆ వయసులో చాలామందికి ఉండే ఇబ్బందే. ఏడాదిగా ఉన్నదానికి ఇప్పుడెందుకు వచ్చారని అడిగాను. ఈ ప్రశ్న నేను ప్రతి ఒక్కరినీ అడుగుతాను. మనిషిని ఆసుపత్రి గడప ఎక్కించిన అసలు కారణం దాని జవాబులోనే దొరుకుతుంది.

ఆయన కాస్త తటపటాయించారు. "మహన్యాసం మొదలుపెట్టాక మధ్యలో లేవకూడదు డాక్టరుగారూ. నాకు లేవాల్సి వస్తోంది" అన్నారు.

మహన్యాసం అంటే రుద్రాభిషేకానికి ముందు మంత్రాలు చెబుతూ ఒంటి భాగాలను తాకుతూ చేసే క్రమం. దానితో కలిపి ఏకాదశ రుద్రాభిషేకం, అంటే రుద్రం పదకొండుసార్లు చదివే అభిషేకం చేస్తే రెండున్నర, మూడు గంటలు ఆసనం మీదే ఉండాలి. మధ్యలో మూత్రానికి వెళితే మళ్ళీ స్నానం, మళ్ళీ తడిబట్టతో మొదలు. అంతకుముందు సోమవారం ఒక్క ఉదయంలో మూడుసార్లు నూతి దగ్గర నీళ్ళు పోసుకున్నారట. ఆ భయంతో ముందురోజు సాయంత్రం నుంచే మంచినీళ్ళు మానేశారు. నా ఎదుట కూర్చున్నప్పుడు కూడా ఆయన పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కార్తికానికి రెండు నెలల గడువుంది. కార్తికమంతా అభిషేకాలే. చేతికి అందివచ్చిన మనిషి గుడిలో మరొకరు లేరు.

పరీక్షిస్తే, మూత్రాశయం కింద మూత్రనాళాన్ని చుట్టుకుని ఉండే ప్రొస్టేట్ గ్రంథి ఎడమవైపు బఠాణీ గింజంత గట్టిదనం వేలికి తగిలింది. మూత్రధార వేగం సెకనుకు 9 మిల్లీలీటర్లు, వెళ్ళి వచ్చాక లోపల మిగిలినది 90 మిల్లీలీటర్లు. ఆ గ్రంథి నుంచి రక్తంలోకి చేరే పీఎస్ఏ అనే ప్రొటీన్ 8.6, ఉండాల్సిన దానికంటే ఎక్కువ.

మాత్రల సంచి

ఆయన కూతురు మాత్రలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో తెచ్చింది. బల్ల మీద పరిచి చూశాను. వాటిలో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. మధుమేహానికి మంచి మందు, గుండెకూ మూత్రపిండాలకూ మేలు చేస్తుంది. అయితే అది పనిచేసేదే చక్కెరను మూత్రంలోకి పంపడం ద్వారా. ఆ చక్కెర నీటిని కూడా లాక్కుపోతుంది. ఎప్పటి నుంచి వాడుతున్నారంటే ఏడాది దాటిందని కూతురు చెప్పింది. ఆయన బాధా అప్పుడే మొదలైంది. ఇరుకుగా ఉన్న దారిలోకి మరింత వరద వదిలినట్లయింది.

మధుమేహం చూసే వైద్యునితో మాట్లాడి ఆ మాత్ర స్థానంలో వేరొకటి పెట్టించాను. దారి వదులు కావడానికి టామ్‌సులోసిన్ ఇచ్చాను. ఉదయం వేసుకుంటే గంటల తరబడి కూర్చుని లేచేటప్పుడు కళ్ళు తిరుగుతాయి కనుక రాత్రి భోజనం తరువాత వేసుకోమన్నాను. మూడు వారాల్లో రాత్రి లేవడం నాలుగుసార్ల నుంచి రెండుకు తగ్గింది, కాగితం మీది లెక్క 19 నుంచి 11కు దిగింది. భాద్రపదం చివరికి ఆయన లేవకుండా ఒక అభిషేకం పూర్తిచేశారు.

ఇక్కడ ఒక మాట. ఆయన్ని నా దగ్గరికి తెచ్చిన బాధకూ, తరువాత బయటపడిన క్యాన్సర్‌కూ సంబంధం లేదు. ఈ వయసులో మూత్రపు ఇబ్బంది ఎక్కువగా గ్రంథి మధ్యభాగం ఉబ్బడం వల్ల వస్తుంది. క్యాన్సర్ సాధారణంగా అంచున, మూత్రనాళానికి దూరంగా మొదలై చాలాకాలం ఏ బాధా పెట్టదు. ఈ రెంటినీ విడదీసి చెప్పకపోతే, "ఆపరేషన్ చేస్తే రెండూ పోతాయి కదా" అన్న ఆలోచన అందరి మనసుల్లో పాతుకుపోతుంది. నా మనసులోనూ కొంత పాతుకుంది.

4+3, తరువాత 3+4

పీఎస్ఏ పెరగడానికి క్యాన్సరే కారణం కానక్కరలేదు. గ్రంథి ఉబ్బినా, ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. నెల ఆగి మళ్ళీ చేస్తే అదే అంకె వచ్చింది. ఎంఆర్ఐలో గ్రంథి పరిమాణం 46 మిల్లీలీటర్లు. ఎడమవైపు అంచున 14 మిల్లీమీటర్ల మచ్చ, క్యాన్సర్ అనుమానాన్ని 1 నుంచి 5 దాకా కొలిచే పై-రాడ్స్ లెక్కలో 4. గ్రంథి పొర దాటలేదు, వీర్యకోశాలు శుభ్రంగా ఉన్నాయి. అక్టోబరు మొదటి వారంలో బయాప్సీ చేశాం. పురీషనాళం గుండా సూది పంపితే ఇన్‌ఫెక్షన్ ముప్పు ఎక్కువ. మధుమేహి కనుక బయటి చర్మం నుంచే తీశాం. పద్నాలుగు ముక్కల్లో అయిదింటిలో క్యాన్సర్ ఉంది. రిపోర్టు: గ్లీసన్ 4+3, మొత్తం 7.

1966లో డోనాల్డ్ గ్లీసన్ వేసిన పద్ధతి ఇది. సూక్ష్మదర్శిని కింద కణాల అమరిక ఎంత చెడిందో చూసి, ఎక్కువగా కనిపించే అమరికకు ఒక అంకె, దాని తరువాతిదానికి మరొక అంకె ఇస్తారు. నేటి బయాప్సీ రిపోర్టుల్లో 3 నెమ్మదైనది, 4 దూకుడుది. 4+3 అయినా 3+4 అయినా మొత్తం ఏడే, కానీ అవి రెండు వేర్వేరు జబ్బుల్లా నడుస్తాయి. 4+3 అంటే దూకుడుదే ఎక్కువ. అలాంటప్పుడు, వెంటనే చికిత్స చేయకుండా పరీక్షలతో కనిపెట్టి చూద్దాం అనే మాట ఎత్తకూడదు. రేడియేషన్ ఇస్తే హార్మోను ఇంజెక్షన్లూ తోడు కావాలి.

ఆ రిపోర్టు మీద, ప్రొస్టేట్ క్యాన్సర్ ఒంట్లో ఎక్కడున్నా వెలిగించి చూపే పీఎస్ఎంఏ పెట్ స్కాన్ చేయించాం. గ్రంథిలో తప్ప ఎక్కడా జబ్బు లేదు గానీ, కుడివైపు ఏడో పక్కటెముక దగ్గర లేతగా ఒక చుక్క వెలిగింది. ఆ ఒక్క చుక్క ఆ కుటుంబాన్ని నాలుగు రోజులు నిద్రపోనివ్వలేదు. ఈ స్కాన్లో పక్కటెముకల దగ్గర ఇలాంటి లేత వెలుగు తరచూ కనిపిస్తుంది, ఎక్కువసార్లు అది క్యాన్సర్ కాదు. అదే చోట సీటీ తీస్తే అతుక్కున్న పాత విరుపు కనిపించింది. ఎనిమిదేళ్ళ క్రితం కోనేటి మెట్ల మీద జారిపడ్డారని తరువాత తెలిసింది. ముందే అడిగి ఉంటే ఆ నాలుగు రాత్రులు మిగిలేవి.

ఈలోగా డాలస్ నుంచి కొడుకు ఫోన్ చేశాడు. తెలివైనవాడు, తండ్రంటే ప్రాణం. "నాన్నకు చెప్పకండి సార్. గడ్డ ఉంది, తీసేయాలి అని మాత్రం చెప్పండి. క్యాన్సర్ అంటే తట్టుకోలేరు. రోబోతో చేసేద్దాం, ఖర్చు నేను చూసుకుంటాను" అన్నాడు. బయాప్సీ గాయం మానడానికి ఆరేడు వారాలు కావాలి కనుక డిసెంబరు మొదటి వారం అనుకున్నాం. అతను టికెట్లు కొన్నాడు.

నేను చేసిన తప్పు ఇదే. నిర్ణయం తీసుకోవాల్సిన మనిషితో ఒక్క మాట మాట్లాడకుండా, వేల మైళ్ళ అవతల ఉన్న కొడుకుతో ఆపరేషన్ ఖాయం చేశాను. మంచి ఆరోగ్యం, గ్రంథి దాటని జబ్బు, ధారకు అడ్డం కూడా తొలగిపోతుంది, పెద్దాయన తండ్రిగారు ఎనభై ఎనిమిదేళ్ళు బతికారు. నా లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆ లెక్కల్లో ఆయన మాత్రం లేరు.

ఒక్క పని మాత్రం అలవాటు ప్రకారం చేశాను. 3కూ 4కూ మధ్య ఊగే రిపోర్టు ఏదైనా కణజాలం పరీక్షించే మరొక పాథాలజిస్టుకు చూపించకుండా కత్తి పట్టను. కూతురు గాజు స్లైడులూ మైనపు దిమ్మలూ చీర కొంగులో చుట్టుకున్నంత జాగ్రత్తగా హైదరాబాదు తీసుకెళ్ళింది. వారానికి జవాబు వచ్చింది: 3+4. నాలుగో రకం పది, పదిహేను శాతమే. జల్లెడలాంటి అమరిక, అంటే మేము క్రిబ్రిఫార్మ్ అని భయపడేది, ఎక్కడా లేదు. మొదటి పాథాలజిస్టుతో ఫోన్లో మాట్లాడితే, రెండు ముక్కల్లో కణజాలం నలిగిపోయి ఉందని, రెండో అభిప్రాయమే సరైనదని ఒప్పుకున్నారు. ఈ ఒక్క తేడాతో మూసుకున్న తలుపు ఒకటి తెరుచుకుంది. పీఎస్ఏ 10 లోపు, 3+4, సగానికి తక్కువ ముక్కల్లో జబ్బు. దీన్ని మధ్యస్థ ముప్పులో మెరుగైన వర్గం అంటాం. ఇక్కడ ఆపరేషన్, హార్మోను ఇంజెక్షన్లు లేకుండా రేడియేషన్ ఒక్కటే, కనిపెట్టి ఉండటం మూడూ న్యాయమైన దారులే.

రాచపుండేనా?

ఆయన్ని ఒక్కరినే లోపలికి రమ్మన్నాను. "మీ పరీక్షల సంగతి మీకు వివరంగా తెలియాలని ఉందా, పిల్లలతో మాట్లాడమంటారా?" అని అడిగాను. కుటుంబం దాచమన్న ప్రతిసారీ నేనిలాగే అడిగి ఉండాల్సింది. కొందరు నిజంగానే "మా అబ్బాయితో చెప్పండి" అంటారు. అది వాళ్ళ హక్కు. ఈయన అనలేదు.

"నా ఒంటి సంగతి నాకు కాక ఎవరికి చెబుతారు?" అన్నారు. ఆగి, "రాచపుండేనా?" అని అడిగారు. ఆ పాత మాట విని చాలా ఏళ్ళయింది. అవునన్నాను. "ఆ స్కానింగు తీసిన చోట గోడ మీద పెద్ద అక్షరాలతో తెలుగులోనే రాసి ఉంది బాబూ. మా అబ్బాయి బాధపడతాడని తెలియనట్లు ఉన్నాను" అన్నారు. తండ్రికి తెలియకూడదని కొడుకు, తెలుసని కొడుకుకు తెలియకూడదని తండ్రి. మూడు వారాలు ఇద్దరూ ఫోన్లో కార్తికం ఏర్పాట్ల గురించే మాట్లాడుకున్నారు.

ఎంతకాలం బతుకుతాననే ప్రశ్న వస్తుందనుకున్నాను. ఆయన అడిగినవి వేరు. ఆపరేషన్ చేస్తే మూత్రపు గొట్టం ఎన్నాళ్ళుంటుంది? వారం, పది రోజులు. తీసేశాక చుక్కలు పడతాయా? పడతాయి, మొదట దాదాపు అందరికీ. ఎప్పుడు పడతాయి? దగ్గినప్పుడు, బరువెత్తినప్పుడు, నేల మీది నుంచి లేచినప్పుడు.

ఆయన చేతులు చూసుకున్నారు. అభిషేకానికి నూతిలో నీళ్ళు తోడి, బిందె భుజాన పెట్టుకుని, తడి రాళ్ళ మీద నడిచి గర్భాలయంలోకి వంగి వెళ్ళే మనిషి. ప్యాడు పెట్టుకోవచ్చు అని మేము అలవాటుగా చెబుతాం. ఉద్యోగికి, రైతుకు అది ఇబ్బందే అయినా గడిచిపోతుంది. మూత్రం తడి ఒంటి మీద ఉండగా గర్భాలయంలో అడుగుపెట్టడం ఆయనకు కుదరని పని. ఆరు నెలలు తడి ఆగకపోతే ఆ ఆరు నెలలూ ఆయన గుడి బయటే నిలబడాలి.

వంద చుక్కల కాగితం

అప్పుడు నిజంగా చేయాల్సిన పని మొదలుపెట్టాను. భార్యనూ కూతురినీ పిలిపించి, కొడుకును ఫోన్లో కలిపి, తెల్లకాగితం మీద పది వరుసల్లో వంద చుక్కలు పెట్టాను.

బ్రిటన్‌లో జరిగిన ప్రొటెక్ట్ అధ్యయనం నాకు ఈ విషయంలో ఆధారం. గ్రంథి దాటని జబ్బున్న 1643 మందిని చీటీ వేసినట్లు మూడు వర్గాలుగా విడదీశారు: ఆపరేషన్, రేడియేషన్, కనిపెట్టి ఉండటం. 2016లో పదేళ్ళ ఫలితాలు వచ్చాయి. ఈ జబ్బుతో చనిపోయినవారు ఏ వర్గంలోనైనా నూటికి ఒకరే. జబ్బు వేరేచోటికి పాకినవారు మాత్రం కనిపెట్టి ఉన్నవారిలో నూటికి ఆరుగురు, చికిత్స పొందినవారిలో ఇద్దరు ముగ్గురు. ఈ తేడాను నేను చిన్నది చేసి చెప్పలేదు. ఆ అధ్యయనంలో ముప్పాతిక మందికి పైగా ఆయనకంటే మెత్తని జబ్బున్నవారని, దాదాపు అందరూ తెల్లవారని కూడా చెప్పాను.

తరువాత తడి లెక్క. ఆపరేషన్ అయిన ఆరు నెలలకు నూటికి 46 మంది ప్యాడు వాడుతున్నారు. ఆరేళ్ళకు 17 మంది. రేడియేషన్ వర్గంలో ఆరేళ్ళకు నలుగురు, కనిపెట్టి ఉన్న వర్గంలో ఎనిమిది మంది. నలభై ఆరు చుక్కలు ఎర్ర పెన్నుతో నింపి చూపించాను. ఆయన కాగితం దగ్గరికి లాక్కుని పదిహేడు దగ్గర వేలు పెట్టారు. "అంటే ఆరుగురిలో ఒకరు. మా తాతగారికి మనవళ్ళం ఆరుగురం" అన్నారు. ఇన్నేళ్ళుగా నేను శాతాలు చెబుతున్నాను. వాటిని తన ఇంటి మనుషులుగా మార్చుకుని చూసిన మొదటి మనిషి ఆయన.

రోబోతో చేస్తే తడి ఉండదు కదా అని కొడుకు అడిగాడు. రోబో వల్ల రక్తస్రావం తగ్గుతుంది, గాయం చిన్నది, త్వరగా ఇంటికి వెళతారు. తడి విషయంలో, దాంపత్య విషయంలో తేడా పెద్దగా లేదు. బ్రిస్బేన్‌లో మూడు వందల మందికి పైగా రోగులతో రోబో ఆపరేషన్‌నూ, పొట్ట కోసి చేసే మామూలు ఆపరేషన్‌నూ పోల్చి చూశారు. 2016లో వచ్చిన పన్నెండు వారాల ఫలితాల్లోనూ, 2018లో వచ్చిన రెండేళ్ళ ఫలితాల్లోనూ ఈ రెండు విషయాల్లో ఫలితం ఒకటే. కోసే చేతి అనుభవం యంత్రం కంటే ముఖ్యమని చెప్పాను. ఆ అనుభవం ఉన్నవాడిగానే చెప్పాను, నేనే చేయబోయే ఆపరేషన్ గురించి.

దాంపత్యం గురించి ఆయన్ని విడిగా అడిగాను. ఆపరేషన్ తరువాత ఎక్కువ మందికి, రేడియేషన్ తరువాత కూడా చాలామందికి అంగస్తంభన దెబ్బతింటుంది. మధుమేహం వల్ల అది తమ జీవితంలో ఎప్పుడో ముగిసిందని, దాని గురించి ఆలోచించవద్దని ఒక్క వాక్యంలో చెప్పారు. భార్యను కూడా అడిగాను. ఆమె తల దించుకునే, "ఆయన గుడికి వెళ్ళి రాగలిగితే చాలు" అంది.

రేడియేషన్ గురించి: తడి తక్కువ, కానీ ధార అప్పటికే సన్నగా ఉన్నవారికి చికిత్స రోజుల్లో మంట, తొందర పెరుగుతాయి. పురీషనాళం రేగుతుంది. నెలలు గడిచాక రక్తం పడవచ్చు. నాలుగు వారాలు, వారానికి అయిదు రోజులు గుంటూరులో ఉండాలి.

ఇక కనిపెట్టి ఉండటం. కొడుకు ఈ మాట వినగానే "ఏమీ చేయకపోవడమా?" అన్నాడు. ఆరు నెలలకోసారి పీఎస్ఏ, ఏడాదికి ఎంఆర్ఐ, మళ్ళీ బయాప్సీ, జబ్బు ముఖం మారితే వెంటనే చికిత్స. 3+3 ఉన్నవారికి ఈ దారి ఇప్పుడు ప్రపంచమంతా మొదటి సలహా. 3+4కు అంత నిశ్చయంగా చెప్పలేం. నాలుగో రకం కొంచెమే ఉన్నవారిని ఏరి మాత్రమే చెబుతాం. ఇంకొక భయం కూడా మన దగ్గర ఉంది. బాధ లేనప్పుడు పరీక్షకు తిరిగి రానివారు ఎందరో. మూడేళ్ళ తరువాత నడుము నొప్పితో, ఎముకలకు పాకిన జబ్బుతో వచ్చినవారిని చూశాను. తిరిగి రాని మనిషికి ఈ దారి చూపించడం అతన్ని గాలికి వదిలేయడమే. అందుకే ఇక్కడి సర్జన్లు చాలామంది ముందే కోసేయమంటారు. ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను.

ఆయన రెండు రోజులు అడిగి వెళ్ళారు. తిరిగి వచ్చి చెప్పిన కారణం నా కాగితంలో లేనిది. "మా మేనల్లుడికి రుద్రం వచ్చింది, మహన్యాసం రాదు. నేర్పడానికి ఏడాది పైన పడుతుంది. వాడు కూర్చోగలిగాక మీరు ఏమి చేసినా నాకు ఇబ్బంది లేదు. అప్పటిదాకా ఆగగలమా?"

ఆగగలం అన్నాను. ఒక షరతు పెట్టాను: పరీక్ష తేదీ ఒక్కటి తప్పినా ఈ ఒప్పందం రద్దు. మాఘంలో ఒకటి, శ్రావణంలో ఒకటి అని ఆయన గోడ మీది పంచాంగంలో రాసుకున్నారు. కూతురు ఫోన్లో పెట్టుకుంది. కొడుకు వారం పాటు మాట్లాడలేదు. తరువాత అక్కడి యూరాలజిస్టు ఒకరిని సంప్రదించి, "ఆయన కూడా ఇది పద్ధతిగా చేసేదే అన్నారు" అని సందేశం పంపాడు. డిసెంబరు టికెట్లు రద్దు చేసుకోలేదు. వచ్చి తండ్రితో పది రోజులు ఉండి వెళ్ళాడు.

అదే నెలలో దాదాపు ఇదే రిపోర్టుతో యాభై ఎనిమిదేళ్ళ మిర్చి రైతు వచ్చాడు. అవే చుక్కలు చూపించాను. ఒంట్లో అది ఉందని తెలిసి నిద్ర పట్టదు, తీసేయండి అన్నాడు. తీసేశాను. నాలుగు నెలలు ప్యాడు వాడాడు, ఇప్పుడు పొడిగా ఉన్నాడు, నిద్రపోతున్నాడు. అతనికి అది సరైన నిర్ణయం.

పదిహేడు నెలలు

ధారకు సాయంగా, గ్రంథిని కుదించే డ్యూటాస్టెరైడ్ ఇస్తే బాగుండేది. కానీ అది ఆరు నెలలు, ఏడాదిలో పీఎస్ఏను సగానికి దించుతుంది. అంకెను నమ్ముకుని నడుస్తున్నప్పుడు ఆ అంకెనే మసకబారనివ్వదలచుకోలేదు.

2023 ఫిబ్రవరిలో 8.1. ఆ మార్చిలోనే ప్రొటెక్ట్ పదిహేనేళ్ళ ఫలితాలు వచ్చాయి. 1643 మందిలో ఈ జబ్బుతో చనిపోయినవారు 45 మంది, అంటే నూటికి ముగ్గురు లోపు. మూడు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. పాకిన జబ్బు మాత్రం కనిపెట్టి ఉన్నవారిలో 9.4 శాతం, ఆపరేషన్ వర్గంలో 4.7, రేడియేషన్ వర్గంలో 5. కనిపెట్టి ఉన్నవారిలో పదిమందికి ఆరుగురు ఆ పదిహేనేళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు చికిత్స తీసుకున్నారు. శ్రావణంలో వచ్చినప్పుడు ఇవన్నీ ఆయనకు చెప్పాను. మీరూ ఆ ఆరుగురిలో ఉండవచ్చు అన్నాను. మేనల్లుడు సగం దాకా వచ్చాడని ఆయన జవాబు.

ఆగస్టులో 8.8. డిసెంబరు ఎంఆర్ఐలో మచ్చ 15 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు తేడాకు అర్థం లేదు. 2024 ఫిబ్రవరిలో పీఎస్ఏ 10.8. మార్చిలో మళ్ళీ బయాప్సీ. పద్నాలుగులో ఆరు ముక్కల్లో జబ్బు, ఇప్పటికీ 3+4, కానీ నాలుగో రకం నలభై శాతం. పెట్ స్కాన్లో మరెక్కడా లేదు. పీఎస్ఏ పది దాటడం, నాలుగో రకం పెరగడం కలిసి ఆయన్ని మెరుగైన వర్గం నుంచి బయటికి తెచ్చాయి. ఇక ఆగకూడదని ఆ రోజే చెప్పాను. ఆయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆపరేషన్ గురించి నేనే మళ్ళీ ఎత్తాను. బిందె ఎత్తే పని మారలేదు కనుక జవాబూ మారలేదు.

రేడియేషన్, దానికి తోడు ఆరు నెలలు హార్మోను మందు. మేలో మొదటి మూడు నెలల ఇంజెక్షన్, ఆగస్టులో రెండోది. గ్రంథిలోని క్యాన్సర్‌కు పురుష హార్మోనే తిండి. 1941లోనే చార్లెస్ హగ్గిన్స్ ఇది నిరూపించాడు, 1966లో నోబెల్ అందుకున్నాడు. ఆ తిండి ఆపితే రేడియేషన్ బాగా పనిచేస్తుంది. బదులుగా ఒంట్లో ఆవిర్లు, నీరసం, చక్కెర పెరగడం. మూడు నెలల సగటు చక్కెరను చూపే ఆయన హెచ్‌బీఏ1సీ 7.4 నుంచి 7.9కి పెరిగింది. గాలాడని గర్భాలయంలో ఆవిరి కమ్మినప్పుడు గోడ పట్టుకుని నిలబడేవారట. రోజూ నలభై నిమిషాల నడక, కాల్షియం, విటమిన్ డి చెప్పాను.

జూలైలో, ఆషాఢంలో, ఆరోగ్యశ్రీ కార్డు మీద ఇరవై విడతల రేడియేషన్ జరిగింది. ఒకప్పుడు 37 విడతల్లో ఇచ్చేది ఇప్పుడు ఇరవైలో ఇవ్వవచ్చని బ్రిటన్‌లోని చిప్ అధ్యయనం 2016లో చూపించింది. రోజూ బల్ల ఎక్కే ముందు మూత్రాశయం నిండి ఉండాలి, అప్పుడే పేగులు పక్కకు తప్పుకుంటాయి. అర లీటరు నీళ్ళు తాగి అరగంటకు పైగా ఆపుకోవాలి. ఆయన లాంటివారికి చికిత్సలో అన్నిటికంటే కష్టమైన భాగం ఇదే. ఆయన గడియారం చూడలేదు. నీళ్ళు తాగి, కుర్చీలో కళ్ళు మూసుకుని నమకం, చమకం మనసులో ఒకసారి చెప్పుకునేవారు. అది ముగిసేసరికి సాంకేతిక నిపుణుడు పేరు పిలిచేవాడు. ఇరవై రోజుల్లో రెండుసార్లు మాత్రమే మధ్యలో లేవాల్సి వచ్చింది.

మూడో వారం నుంచి మంట, రాత్రి నాలుగైదుసార్లు లేవడం, విరేచనానికి ఆపుకోలేనంత తొందర వచ్చాయి. ఆ నాలుగు వారాలూ, తరువాత ఇంకో అయిదు వారాలూ గుడి మేనల్లుడే చూసుకున్నాడు. వినాయక చవితికి ఆయన తిరిగి ఆసనం మీద కూర్చున్నారు. ఆ ఏడు కార్తికంలో మహన్యాసం ఒక రోజు ఈయన, ఒక రోజు ఆ అబ్బాయి.

ఇప్పటి స్థితి

2025 ఫిబ్రవరిలో పీఎస్ఏ 0.1 లోపు. ఆగస్టులో 0.3. అంకె పెరిగిందని కూతురు కంగారుపడి ఫోన్ చేసింది. హార్మోను మందు ప్రభావం తగ్గి, గ్రంథిలో మిగిలిన మంచి కణాలు మేలుకుంటే ఈ కాస్త పెరుగుదల మామూలే. రేడియేషన్ తరువాత చేరిన అతి తక్కువ అంకెకు పైన రెండు పెరిగితేనే జబ్బు తిరగబెట్టిందంటాం. ఆయన ఇంకా దానికి చాలా దూరంలో ఉన్నారు. చికిత్స గెలిచిందో లేదో చెప్పడానికి ఏడాది చాలదు.

ఒక విషయం నేను జారవిడిచాను. మేలో ఆయనకు విరేచనంలో రెండుసార్లు రక్తపు చార కనిపించింది. మూడు వారాలు ఎవరికీ చెప్పలేదు, రాచపుండు అక్కడికి పాకిందనుకున్నారు. రేడియేషన్ తరువాత ఆలస్యంగా ఇలా రావచ్చని 2022లో ఆ వంద చుక్కల రోజున చెప్పాను, చికిత్స ముగిసిన రోజున మళ్ళీ చెప్పలేదు. రెండేళ్ళ కిందటి మాట ఎవరికి గుర్తుంటుంది? గొట్టంతో చూస్తే పురీషనాళం ముందు గోడ కొంచెం ఎర్రబడి ఉంది, అంతే. అక్కడ ముక్క తీయవద్దని రాసిచ్చాను. రేడియేషన్ పడిన ఆ గోడకు గాయం చేస్తే మానదు. మందు లేకుండానే తగ్గింది. ఇప్పుడు చివరి విడత రోజున ప్రతివారికీ ఒక కాగితం మీద రాసి, చదివి వినిపించి ఇస్తున్నాను.

రాత్రి ఒకటి రెండుసార్లు లేస్తున్నారు. తడి లేదు. ప్యాడు ఎప్పుడూ వాడలేదు. టామ్‌సులోసిన్ కొనసాగుతోంది. సాయంత్రం పూట మంచినీళ్ళు తాగుతున్నారు.

తరువాతి పీఎస్ఏ 2026 ఫిబ్రవరి రెండో వారంలో చేయాలి. 15న శివరాత్రి. పండుగ వెళ్ళిన మరుసటి వారం వస్తానన్నారు. వారం రోజుల తేడాకు నష్టం లేదు కనుక, సరేనని కార్డు మీద తేదీ దిద్దాను.